ధర్మయుద్ధము - ధర్మరాజు కన్నీరు

వైష్ణవ గృహములలో ప్రాతఃకాలమున శ్రీ విష్ణు సహస్రనామ పారాయణము చేయుట అనూచానముగా వచ్చుచున్న ఆచారము. పెద్దలు చెప్పుచుండగా పిన్నలు అనుసరించి పలుకుచుందురు. ఆ పావన నామములు లోకమునకు ఎచ్చట లభించినవో ఒక్కసారి స్మరింపవలెను. అవి రాజసభలో వెలువడినవి కావు. ప్రశాంతమైన ఆశ్రమమున వెలువడినవియు కావు. కురుక్షేత్రమున, శరతల్పముపై శయనించిన భీష్మ పితామహుని ముఖమునుండి వెలువడినవి. అడిగినవాడు ఓడిన రాజు కాడు. 18 దినముల యుద్ధమున జయించి, రాజ్యము చేకొని, మనశ్శాంతి లేక పితామహుని పాదముల చెంత చేరిన ధర్మరాజు.

జయించినవానికి శాంతి ఏల కరువైనది? యుద్ధమును గూర్చి మన ఇతిహాసము చెప్పదలచిన దంతయు ఈ ప్రశ్నలోనే ఇమిడియున్నది.

స్వామి చేసిన రాయబారము

యుద్ధము ఎప్పుడు ధర్మమగునో ఉద్యోగపర్వము తెలుపుచున్నది. పండ్రెండేండ్ల అరణ్యవాసము, ఒక యేటి అజ్ఞాతవాసము ముగిసినవి. పాండవుల పక్షమున న్యాయమున్నది, బలమున్నది, ద్రౌపదీ పరాభవము రగిల్చిన క్రోధము కూడ ఉన్నది. అయినను మొదట కదలినది రథము కాదు. ద్రుపదుని పురోహితుడు సంధి మాటలతో హస్తినకు వెళ్లెను. పిమ్మట సంజయుడు వచ్చి, రాజ్యభాగము మాట ఎత్తక, శాంతిని మాత్రము బోధించెను. అప్పుడు ధర్మరాజు తన కోరికను తగ్గించుకొని, అవిస్థలము, వృకస్థలము, మాకంది, వారణావతము, మరియొకటి - ఈ అయిదూళ్లిచ్చినను చాలుననెను. అర్ధరాజ్యమునకు హక్కుగలవాడు అయిదూళ్లకు దిగివచ్చెను!

అదియు ఫలింపనపుడు కార్తికమాసమున శ్రీకృష్ణ పరమాత్మ తానే దూతగా బయలుదేరెను. హస్తినలో దుర్యోధనుని విందును నిరాకరించి విదురుని ఇంట ఆతిథ్యము స్వీకరించెను. మాట వినని వారి కడకు ఏల వచ్చితివని విదురుడు వాపోగా స్వామి పలికిన పలుకుల సారము మనము గుండెలో నిలుపుకొనదగినది. దారి తప్పుచున్న ఆప్తుని జుట్టు పట్టి లాగియైనను వారింపనివాడు ఆప్తుడు కాడు. శక్తియుండియు కృష్ణుడు ఈ వినాశమును ఆపజూడలేదని రేపు లోకము అనరాదు. శక్తికొలది యత్నించిన పిదప కార్యము విఫలమైనను పుణ్యము విఫలము కాదు.

సంకల్పమాత్రమున సర్వము సాధింపగలవాడు వారి వాకిట నిలిచి సంధిని అర్థించెను. సూదిమొన మోపినంత నేలయైనను ఈయనని దుర్యోధనుడు తలుపు మూసిన పిదపనే పాంచజన్యము మ్రోగినది. న్యాయమైన కారణముండుట ఒక్కటే చాలదు. శాంతికి గల చివరి తలుపును కూడ తట్టియుండవలెను. గీతోపదేశము సైతము యుద్ధమునకు ఉవ్విళ్లూరినవానికి లభించలేదు. విల్లు జారవిడిచి విలపించినవానికి లభించినది. ద్వేషము లేక, ఫలాపేక్ష లేక, చేయక తప్పని కర్తవ్యముగా చేయుమని స్వామి ఆదేశించెను.

నాలుగంగుళముల రథము

ఇంతటి విచారముతో ఆరంభమైన యుద్ధము ధర్మముగానే ముగిసినదా? భీష్మపర్వారంభమున ఇరుపక్షములవారు కలసి నియమములు చేసికొనిరి. రథికుడు రథికునితోనే పోరవలెను. ఆయుధము విడిచినవానిని, శరణన్నవానిని, పారిపోవువానిని కొట్టరాదు. భేరీ శంఖములు మ్రోగించువారిపై, ఆయుధములు మోయువారిపై చేయి చేసికొనరాదు. 13వ నాడు ఒంటరియైన అభిమన్యుని పలువురు మహారథులు చుట్టుముట్టి వధించిరి. 14వ నాడు సూర్యుడస్తమించినను యుద్ధమాగలేదు. 15వ నాడు, పుత్రుడు మరణించెనని నమ్మి అస్త్రసన్న్యాసము చేసిన ద్రోణుని శిరస్సు తెగినది.

ఆ నమ్మకమును కలిగించినది ధర్మరాజు నోట వచ్చిన సగము సత్యము. అంతవరకు భూమికి నాలుగంగుళముల ఎత్తున నిలిచి సాగిన ఆయన రథము ఆ క్షణముననే నేలను తాకెనని వ్యాసభగవానుడు చెప్పెను. భారతము తన పక్షమువాని దోషమును దాచలేదు. యుద్ధము ఎంతటి ధర్మాత్ముని రథమునైనను నేలకు దింపునని మనకు చూపెను.

కడకు నిదురించుచున్న ఉపపాండవులను అశ్వత్థామ చంపెను. అతడు బ్రహ్మశిరోస్త్రమును ప్రయోగింపగా అర్జునుడును దానినే ప్రయోగించెను. వ్యాస నారదులు అడ్డునిలిచి వారింపగా అర్జునుడు ఉపసంహరించెను. అశ్వత్థామకు ఉపసంహరించు సామర్థ్యము లేదు. ఆ అస్త్రము పాండవ స్త్రీల గర్భముల మీదికి మరలినది. వెనుకకు మరల్పలేని ఆయుధము ఇంకను పుట్టని శిశువును సైతము విడువదు. 1945 ఆగష్టులో హిరోషిమా, నాగసాకి నగరములపై పడిన బాంబుల వార్త ఎరిగిన మనకు దీనిని వివరింప నక్కరలేదు.

ఏడ్చిన ఇండ్లు

పాండవులవి 7, కౌరవులవి 11, మొత్తము 18 అక్షౌహిణులు. ఒక్క అక్షౌహిణిలో కాల్బలమే 1,09,350. తుదకు ముఖ్యవీరులలో మిగిలినవారు ఇటు ఏడుగురు, అటు మువ్వురు. కులధర్మములు నశించునని, స్త్రీలు దిక్కులేనివారగుదురని యుద్ధారంభమున అర్జునుడు భయపడెను గదా! ఆ దుఃఖమే స్త్రీపర్వమున కన్నులకు కట్టును. గాంధారి దివ్యదృష్టితో రణభూమిని చూచి, శక్తియుండియు ఉపేక్షించితివని శ్రీకృష్ణుని నిందించి, 36వ యేట యదువంశము నశించునని శపించెను. స్వామి ఎంతగా యత్నించెనో మనమెరుగుదుము. అయినను ఆయన ఆ శాపమును చిరునవ్వుతో అంగీకరించెను. మా యుద్ధము ధర్మమైనది గనుక నీ కన్నీటితో మాకు పని లేదని భగవంతుడే అనలేదు, మనమెట్లు అనగలము?

చరిత్రయు ఇదియే చెప్పుచున్నది. క్రీ.పూ. 261 ప్రాంతమున కళింగమును జయించిన అశోకుడు తన 13వ శిలాశాసనమున లక్షమంది హతులైరని, లక్షన్నరమంది కొనిపోబడిరని, అంతకు అనేకరెట్లు ఇతరవిధముల మరణించిరని చెప్పుకొని పశ్చాత్తాపపడెను. తాము దెబ్బ తినకున్నను ఆప్తుల ఆపదచే కుమిలినవారిని సైతము అందు లెక్కించెను. ఆ శాసనములు మన కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలపైనను చెక్కబడియున్నవి.

జయించినవాని ధర్మము

ధర్మరాజు ఏమి చేసెను? దిక్కులేక పడియున్న కళేబరములకు, పక్షభేదము చూడక, అగ్నిసంస్కారము చేయించెను. పతులను పుత్రులను కోల్పోయిన స్త్రీలను గౌరవించి పోషించెను. దీనులకు, అంధులకు కూడును గూడును కల్పించెను. నూర్గురు కొడుకులను కోల్పోయిన ధృతరాష్ట్రుని 15 సంవత్సరములు పెద్దగా నిలిపి సేవించెను. యుద్ధము 18 దినములలో ముగిసినది. దాని ఋణము తీర్చుట అంత త్వరగా ముగియలేదు.

సరిహద్దున నిలిచి మనలను కాచు జవాను కర్తవ్యమును మనము శిరసా గౌరవింపవలెను. కాని ఇంట కూర్చుండి యుద్ధవార్తలను వేడుకగా వినుట భాగవతులకు తగదు. మన ఇండ్లలోను చిన్న కురుక్షేత్రములు కలవు. గట్టు తగవులు, పంపకములలో అన్నదమ్ముల పట్టుదలలు ఎన్ని లేవు! కోర్టు మెట్లెక్కుటకు ముందు మన అయిదూళ్లు ఏవో యోచించితిమా? చివరి తలుపు తట్టితిమా? గెలిచిన పిదప ఓడినవాని ఇంటి పొయ్యి వెలుగుచున్నదో లేదో చూచితిమా?

రేపు ఉదయమున సహస్రనామము పఠించునపుడు, గెలిచియు తలవంచి కూర్చుండిన ఆ రాజును ఒక్క క్షణము తలంచుకొందము. ఆయన గాయమునకు భీష్ముడు చూపిన మందు శ్రీహరి నామము. ఆ మందు మన నాలుకపై ఉండగా మన హృదయములలో వైరమునకు చోటుండరాదు. శ్రీమన్నారాయణుడు లోకమునకు శాంతిని ప్రసాదించుగాక!