అమ్మేయాలా, ఉంచుకోవాలా? ఆయుధ పూజలో నా కెమెరా



పోయిన దసరాకి తెనాలిలో మా ఇంట్లో ఆయుధ పూజ చేసుకున్నాం. నాన్నగారి స్క్రూడ్రైవర్ల డబ్బా, అమ్మ కత్తిపీట, నా ల్యాప్‌టాప్, బండి తాళాలు అన్నీ పీట మీద వరుసగా పెట్టాం. వాటి పక్కనే నా కెమెరా. పసుపు, కుంకుమ, పువ్వు పెట్టి హారతి ఇచ్చాక, ఒక ఫోటో తీద్దామని దాన్ని చేతిలోకి తీసుకున్నా. ఆన్ కాలేదు. బ్యాటరీ పూర్తిగా అయిపోయింది. చార్జింగ్ పెట్టి చూస్తే కార్డులో ఉన్న ఆఖరి ఫోటో కూడా ముందటేడు ఆయుధ పూజదే!

అంటే ఏడాదంతా ఏ పనీ చేయని వస్తువుకి, పనిముట్టుకి చేసే పూజ చేశానన్నమాట. అమ్మ కత్తిపీట ఆ రోజు పొద్దున్న కూడా పని చేసింది. నాన్నగారి స్క్రూడ్రైవర్ ముందు రోజే మిక్సీ బాగు చేసింది. నా కెమెరా మాత్రం పెళ్ళికొచ్చిన చుట్టంలా బొట్టు పెట్టించుకుని కూర్చుంది.

ఆ రాత్రి నుంచి ఒకటే ప్రశ్న. దీన్ని అమ్మేయాలా? ఉంచుకోవాలా?

అంత ప్రేమ ఎందుకు?

ముందు ఆ కెమెరా సంగతి చెప్పాలి. అది లైకా ఎం టైప్ 240. 2018లో, ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకి, వచ్చిన బోనస్ అంతా పెట్టి, మిగతాది ఈఎంఐలో కట్టి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 35 ఎంఎం లెన్స్‌తో కలిపి 3,40,000 రూపాయలు. ఇంట్లో నిజం ధర చెప్పలేదు. నలభై వేలు అని చెప్పాను. దానికే అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

ఇది రేంజ్‌ఫైండర్ కెమెరా. మన ఫోన్‌లాగా దానంతట అది ఫోకస్ చేసుకోదు. చిన్న కిటికీలోంచి చూస్తే మధ్యలో ఒక మెరిసే గడి ఉంటుంది. అందులో ఎదుటి మనిషి బొమ్మ రెండుగా కనిపిస్తుంది. లెన్స్ మీది రింగును మెల్లగా తిప్పుతుంటే ఆ రెండు బొమ్మలూ దగ్గరికొచ్చి ఒకటవుతాయి. అప్పుడు నొక్కాలి. ఫ్రేము గీతల బయట ఏం జరుగుతోందో కూడా ఆ కిటికీలో కనిపిస్తుంది. ఎవరో నడిచొస్తున్నారు, ఒక్క క్షణం ఆగుదాం అని ముందే తెలుస్తుంది. లోపల ఎగిరి పడే అద్దం లేదు కాబట్టి చప్పుడూ తక్కువే.

లైకా మొదటి నమూనాని జర్మనీలోని వెట్స్‌లార్‌లో ఆస్కార్ బార్నాక్ 1914లో తయారు చేశాడు. అమ్మకానికి వచ్చింది 1925లో. ఎం వరుస 1954లో మొదలైతే, అందులో తొలి డిజిటల్ కెమెరా 2006లో వచ్చింది. 1948 జనవరి 30న, గాంధీగారు చనిపోవడానికి కొద్దిసేపటి ముందు ఆయన్ని కలిసి వెళ్ళిన ఫోటోగ్రాఫర్ ఆన్రీ కార్టియే-బ్రెసాఁ జీవితమంతా పేరుపడింది లైకాతోనే. అలాంటి చరిత్ర ఉన్న వస్తువు మెడలో వేలాడుతుంటే మనకీ కొంచెం గొప్పగానే ఉంటుంది. దాచడం ఎందుకు? నేను కొన్నది సగం ఫోటోల కోసం, సగం ఆ గొప్ప కోసం.

త్యాగం ముసుగులో ఇంకొకటి

హైదరాబాద్ తిరిగొచ్చాక ఒక డీలర్‌ని అడిగాను. 2,60,000 ఇస్తానన్నాడు. పర్లేదు, మంచి రేటే. అపరిగ్రహం గురించి మన ఛానల్‌లోనే ఎన్నిసార్లు మాట్లాడుకున్నాం! అవసరానికి మించి పోగేసుకోకూడదని మీకు చెప్పి, నేను ఇంట్లో రెండున్నర లక్షలు సిలికా జెల్ పొట్లాల మధ్య దాచిపెట్టాను. అమ్మేసి అన్నదానానికి ఇచ్చేద్దాం అనుకున్నా.

అనుకున్న రెండో నిమిషంలో ఇంకో ఆలోచన వచ్చింది. దీని మీద ఒక వీడియో చేయొచ్చు కదా! 'నాకు అత్యంత ఇష్టమైన వస్తువుని వదిలేశాను.' థంబ్‌నెయిల్ కూడా మనసులో తయారైపోయింది. ఒక పక్క కెమెరా, ఇంకో పక్క చేతులు జోడించి నేను.

అక్కడ ఆగాను. ఆ థంబ్‌నెయిల్‌లో కెమెరా నా చేతిలోంచి వెళ్ళిపోయింది, కానీ దాన్ని కొన్నప్పటి గొప్ప మాత్రం ఎక్కడికీ పోలేదు. రూపం మార్చుకుందంతే. అప్పుడు లైకా ఉన్నవాణ్ణి, ఇప్పుడు లైకానే వదిలేసినవాణ్ణి!

యోగవాసిష్ఠంలో శిఖిధ్వజుడి కథ ఉంది. ఆ రాజు జ్ఞానం కోసం రాజ్యం వదిలి అడవికి పోతాడు. అతని భార్య చూడాల అప్పటికే జ్ఞాని. ఆమె కుంభుడనే బ్రాహ్మణ కుమారుడి రూపంలో వచ్చి, నువ్వింకా అన్నీ వదల్లేదంటుంది. వెంటనే అతను కుటీరం, జపమాల, జింక చర్మం అన్నీ నిప్పుపాలు చేస్తాడు. ఇంకా కాలేదంటే శరీరాన్ని కూడా వదిలేయబోతాడు. అప్పుడామె ఆపి, వదలాల్సింది 'నేను' అని పట్టుకున్న మనసుని, వస్తువుల్ని కాదని వివరిస్తుంది. ఈ కథలో చాలామంది మర్చిపోయే భాగం ఒకటుంది. జ్ఞానం వచ్చాక శిఖిధ్వజుడు తిరిగి వెళ్ళి రాజ్యం ఏలుకుంటాడు.

ఇది వినగానే మనసు ఎగిరి గంతేసింది. "చూశావా, వస్తువు తప్పేం లేదు, ఉంచేసుకో" అంది. మన మనసు లాయరు లాంటిది, ఏ కథ చెప్పినా తన కేసుకే వాడుకుంటుంది.

దానికి జవాబు భాగవతం పంచమ స్కంధంలో భరతుడి కథ. అంత పెద్ద రాజ్యాన్ని వదిలి గండకీ తీరానికి వెళ్ళినవాడు, నీళ్ళలో పడిన లేడిపిల్లని కాపాడాడు. కాపాడటం మంచిదే. కానీ తర్వాత దాని మేత, దాని ఆట, దాని భయం తప్ప ఇంకో ధ్యాస లేకుండా పోయింది. చివరి క్షణంలోనూ అదే తలపు. తర్వాతి జన్మ లేడి జన్మ. రాజ్యం కట్టేయలేనివాణ్ణి లేడిపిల్ల కట్టేసింది. కాబట్టి 'ఒక్క కెమెరాయేగా' అన్న మాటా చెల్లదు.

రెండు కథలూ కలిపి చూస్తే అమ్మడంలో మోక్షం లేదు, ఉంచుకోవడంలో పాపం లేదు. మరి నేనేం చూడాలి?

అమ్మ అడిగిన ఒక్క మాట

ఆ ఆదివారం అమ్మకి ఫోన్ చేసి, ఏ మూడ్‌లో ఉన్నానో గానీ నిజం ధరతో సహా అన్నీ చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత తిట్టకుండా ఒక్క మాట అంది. "అమ్ముకుంటే అమ్ముకో నాన్నా, ఉంచుకుంటే ఉంచుకో. ముందు మీ నాయనమ్మ ఫోటో ఒకటి పెద్దది చేయించి తీసుకురా."

నాకు గొంతు పట్టేసింది.

2019 కార్తీకంలో నాయనమ్మ అరుగు మీద కూర్చుని వత్తులు చేస్తుంటే ఆ కెమెరాతో నలభై దాకా ఫోటోలు తీశాను. చప్పుడు లేదు కాబట్టి ఆవిడ నా వైపు చూడలేదు. తన లోకంలో తానుంది. ఒకటి మాత్రం, పని ఆపి నన్ను చూసి నవ్వినప్పటిది. "ఆ ఫోటో నాకు ఇస్తావురా?" అంది. "ఎడిట్ చేసి ఇస్తా నాయనమ్మా" అన్నా. ఆవిడకి ఎడిట్ అంటే ఏం తెలుసు, సరే అంది. పండక్కి వెళ్ళినప్పుడు మళ్ళీ అడిగింది. అదే జవాబు చెప్పా.

2021లో ఆవిడ వెళ్ళిపోయింది. పదకొండో రోజుకి దండ వేయడానికి ఫోటో కావాల్సొస్తే, ఆధార్ కార్డులోని బొమ్మని పెద్దది చేయించారు. ఇప్పటికీ గోడ మీద ఉన్నది అదే. నన్నెవరూ అడగలేదు. అడగడానికి, నా దగ్గర అలాంటి ఫోటోలు ఉన్నాయని వాళ్ళకి తెలిస్తే కదా! హార్డ్ డిస్కులో, పేరు కూడా పెట్టని ఫోల్డర్‌లో ఉండిపోయాయి.

ఈ కెమెరా అమ్మాలనుకున్నప్పుడల్లా "ఇందులో నాయనమ్మ ఉంది" అనిపించి ఆగిపోయేవాణ్ణి. ఆవిడ కెమెరాలో లేదు. కెమెరాలో ఉన్నది నేను తీర్చని మాట. దాన్ని ఉంచుకున్నదీ, వదిలించుకోవాలని చూసిందీ ఆ మాట వల్లే.

తీసుకున్నది తిరిగి ఇవ్వడం

ఆ వారం హార్డ్ డిస్కు తెరిచాను. గుడి దగ్గర పూలమ్మే అక్క, తెనాలి బస్టాండ్‌లో టీ కొట్టు బాబాయి, మా వీధి పెళ్ళిలో నాదస్వరం వాయించిన పెద్దాయన. అందరి ముఖాలూ తీసుకున్నాను. ఒక్కరికీ ఒక్క కాపీ ఇవ్వలేదు. కోఠిలో ఒక ల్యాబ్‌లో 32 ఫోటోలు ప్రింట్ వేయించాను. నాయనమ్మది 12x18, ఫ్రేము కట్టించి.

ఊరెళ్ళి పంచాను. పూలమ్మే అక్క తన ఫోటో చూసి, "నేనింత బాగుంటానా?" అని కొంగుతో అద్దం తుడిచింది. నాదస్వరం పెద్దాయన లేరు. వాళ్ళబ్బాయి ఫోటో తీసుకుని లోపలికెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. నాన్నగారు ఏమీ అనకుండా స్టూలెక్కి ఆధార్ బొమ్మ దించి, నాయనమ్మ నవ్వు తగిలించారు. దండ మార్చడానికి చేతులు వణికితే నేను పట్టుకున్నా.

చివరికి ఏం చేశాను?

ఉంచుకున్నాను. కానీ ఒక షరతుతో. ఎవరి ఫోటో తీస్తే నెలలోపు ఆ ప్రింట్ వాళ్ళ చేతికి చేరాలి. వచ్చే ఆయుధ పూజ దాకా ఇలా జరిగితే కెమెరా పీటెక్కుతుంది. జరక్కపోతే డీలర్ దగ్గరికి వెళ్తుంది. అన్నదానం సంగతి? దానికి కెమెరా అమ్మే దాకా ఆగడం ఎందుకని జీతంలోంచే నెలనెలా ఇంత అని పక్కన పెట్టడం మొదలుపెట్టాను. ఇవ్వాలని ఉంటే దారి ముందే ఉంది, నేనే కెమెరాని సాకుగా అడ్డం పెట్టుకున్నాను.

ఇక నేను నిజంగా వదిలింది ఏమైనా ఉంటే అది ఆ థంబ్‌నెయిల్. త్యాగం చేశానని చెప్పుకునే అవకాశం పోయింది. కొంచెం బాధగానే ఉంది, నిజం చెప్తున్నా!

మీ ఇంట్లోనూ ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. అటక మీద వీణ కావచ్చు, కవరు తీయని గిటారు కావచ్చు, బాల్కనీలో బట్టలారేసుకునే ట్రెడ్‌మిల్ కావచ్చు. అప్పులుంటే, ఇంట్లో వైద్యానికో చదువుకో డబ్బు కావాలంటే ఆలోచించకండి, అమ్మేయండి. అక్కడ వేదాంతం అక్కర్లేదు. అలాంటి అవసరం లేనప్పుడు మాత్రం ఈ మూడూ అడిగి చూడండి. ఈ ఏడాది ఇది ఎవరికైనా పని చేసిందా? ఎవరికీ చెప్పకూడదనే షరతు పెడితే కూడా అమ్ముతానా? దీని వెనక నేను ఎవరికైనా బాకీ ఉన్నానా?

మూడోదానికి జవాబు 'ఉన్నాను' అయితే, ముందు ఆ బాకీ తీర్చండి. అమ్మడమా, ఉంచడమా అన్నది తర్వాత చూసుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా "నాకిస్తావా?" అని ఏదైనా అడిగి ఉంటే, ఈ వారమే ఇచ్చేయండి. ఎడిటింగ్ అయ్యే దాకా ఆగకండి.

మళ్ళీ కలుద్దాం. శుభం.