తీరని మొక్కు

మేడిపల్లి, కోరుట్ల, సిరిసిల్ల వైపు మొక్కును ఎవరూ దానమనుకోరు, బాకీ అనుకుంటారు. వేములవాడ రాజన్నకు కోడెను కట్టి వచ్చినవాళ్లు గుడికి ఏదో ఇచ్చామని గొప్ప చెప్పుకోరు, మొక్కు చెల్లించామంటారు. దానం చేసేవాడి చెయ్యి పైన ఉంటుంది, మొక్కు చెల్లించేవాడి తల వంగి ఉంటుంది. మరి మెదడు జబ్బుల మీద జరిగే పరిశోధనకు ఇచ్చే డబ్బును ఏ పద్దులో రాయాలి? మామూలుగా దాన్ని దానాల్లో రాసి, ఆ వరుసలో అన్నిటికన్నా కిందికి నెట్టేస్తాం. అన్నదానంలో తిన్నవాడి ముఖం కనిపిస్తుంది. పరిశోధనకు ఇచ్చిన రూపాయి ఏ బిడ్డకు చేరిందో ఇచ్చినవాడి జీవితకాలంలో తెలియకపోవచ్చు. ముఖం లేని దానానికి మనసు రాదు. అసలు తప్పు పద్దు దగ్గరే ఉందని నేననుకుంటాను. అది మొక్కుల పద్దులోది. ఫలం ముందే అందుకున్నాం, చెల్లింపే మిగిలింది.

ఇందుకు సాక్ష్యం ఈ నేలమీదే ఉంది. 2003లో జూన్ నుంచి ఆగస్టు దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలను మెదడువాపు వణికించింది. మేడిపల్లి అప్పట్లో ఉన్న కరీంనగర్ జిల్లా, పక్కనున్న వరంగల్ జిల్లా ఆ దెబ్బ తిన్నవాటిలో ఉన్నాయి. జ్వరం, వాంతులు, ఫిట్స్, ఆపైన స్పృహ లేకపోవడం. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోయేది. లెక్కకెక్కిన 329 మంది పిల్లల్లో 183 మంది చనిపోయారు. మెదడువాపు అనగానే మనకు తోచేది జపనీస్ ఎన్‌సెఫలైటిస్, దానికి కారణమైన దోమ. పుణెలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ పరీక్షల్లో తేలింది వేరు: అది చాందీపురా వైరస్, మోసుకొచ్చేది గోడల పగుళ్లలో, పశువుల కొట్టాల దగ్గర చేరే ఇసుక ఈగ. ఆ పేరు ఎలా దొరికింది? 1965లో నాగపూర్ దగ్గరి చాందీపురా అనే ఊళ్లో జ్వరపడ్డ ఇద్దరి రక్తంలోంచి ఆ సంస్థ శాస్త్రవేత్తలే దాన్ని వేరుచేసి, గుణాలు రాసి, దాచి ఉంచారు. 38 ఏళ్లు దానితో పెద్దగా పనిపడలేదు. ఆ సంస్థను భారత వైద్య పరిశోధన మండలి, అమెరికాలోని రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ కలిసి 1952లో మొదలుపెట్టాయి. డబ్బు పెట్టినవాళ్లకు గాని, సూదికి చెయ్యి చాపిన ఆ ఇద్దరికి గాని కరీంనగర్ జిల్లా పిల్లల సంగతి ఏం తెలుసు? అయినా వాళ్ల పని మన గడపదాకా వచ్చింది. ఇదే మనం మొక్కకుండానే అందుకున్న ఫలం.

మన సంప్రదాయంలో ఇలాంటి బాకీకి పేరు ఉంది. బ్రాహ్మణుడు మూడు రుణాలతో పుడతాడని తైత్తిరీయ సంహిత చెబుతుంది: దేవ రుణం, పితృ రుణం, ఋషి రుణం. దేవతల అప్పు యజ్ఞంతో, పితరుల అప్పు సంతానంతో, ఋషుల అప్పు బ్రహ్మచర్యంతో, అంటే చదువుతో తీరుతుందంటుంది. ఋషి రుణంలో ఒక చిక్కుంది. జ్ఞానం ఇచ్చినవాడు ఇప్పుడు లేడు, కాబట్టి తిరిగి అతనికే ఇవ్వలేం. అందుకే ఆ అప్పును వెనక్కి కట్టం, ముందుకు కడతాం. ఇంకా పుట్టనివాడి చేతిలో పెడతాం. పరిశోధనకు ఇచ్చే డబ్బు స్వభావం సరిగ్గా ఇదే. ముఖం కనిపించకపోవడం దానిలోని లోపం కాదు, ఆ అప్పు తీరే పద్ధతే అది.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం కర్మ సిద్ధాంతం వైపు నుంచి వస్తుంది. మెదడు చెడటం, మతి చెదరడం పూర్వకర్మ ఫలమైతే దాన్ని తప్పించేందుకు మనమెవరం? ఈ మాటకు జవాబు గ్రంథాలకన్నా ముందు కొండగట్టే చెబుతుంది. మతి స్థిమితం తప్పినవాళ్లను అంజన్న సన్నిధికి తెచ్చి రోజుల తరబడి అక్కడే ఉంచే ఆచారాన్ని వెక్కిరించడం తేలిక. కాని ఆ మెట్లెక్కే కుటుంబం రాసిపెట్టిందే జరుగుతుందని చేతులు ముడుచుకు కూర్చోలేదు, రాత మారాలనే బయల్దేరింది. రాత మారదని నిజంగా నమ్మేవాడు మొక్కడు. చరక సంహిత విమానస్థానం కూడా ఇదే తర్కం చేస్తుంది: ఆయుష్షు ముందే ఖాయమైతే మందులతో, మంత్రాలతో పనేముంది, దైవమూ పురుష ప్రయత్నమూ కలిస్తేనే ఆయుష్షు అంటుంది. భక్తికి, పరిశోధనకు మధ్య ఉందనుకునే గోడ నిజానికి అంత ఎత్తైనది కాదు. తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే బర్డ్ ఆస్పత్రిలో పోలియోతో కాళ్లు చచ్చుబడ్డవారికి శస్త్రచికిత్సలు చేశారు. ఆ సంస్థ పూర్తి పేరులో పరిశోధన అన్న మాట కూడా ఉంది.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. కళ్లముందు తల పగిలి పడి ఉన్నవాడికి స్కానింగ్‌కు డబ్బుల్లేనప్పుడు, ఎప్పుడో పనికొచ్చే ప్రయోగానికి ఖర్చు పెట్టడం న్యాయమా? పడినవాణ్ని లేపడమే ముందు, అందులో సందేహం లేదు. అయితే ఈ రెండు ఖర్చులు ఒకే జేబులోంచి పోటీ పడి రావడం లేదు. పరిశోధన, అభివృద్ధి అన్నిటికీ కలిపి దేశం పెడుతున్నది స్థూల దేశీయోత్పత్తిలో దాదాపు 0.64 శాతమే. ఆ కాస్తలో కోత పెడితే ఆస్పత్రి మంచాలు పెరగవు. పైగా పోలియోను చూడండి. అది నాడుల మీద దెబ్బకొట్టే జబ్బు. 1938లో మొదలైన ఒక అమెరికన్ సంస్థకు జనం పది సెంట్ల నాణేలు టపాలో పంపారు. ఆ డబ్బుతో తయారైన టీకా పనిచేస్తుందని 1955లో తేలింది. భారతదేశంలో చివరి వైల్డ్ పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదైంది. చచ్చుబడ్డ కాళ్లకు ఊతకర్రలు ఇస్తూ మాత్రమే ఉండి ఉంటే ఈనాటికీ ఇస్తూనే ఉండేవాళ్లం.

ఈ పని మందుల కంపెనీలు చూసుకుంటాయి కదా అనే మాట మిగిలింది. చాందీపురాయే దానికి జవాబు. వానకాలంలో, పల్లెల్లో, పేదల పిల్లలకు, అదీ అడపాదడపా వచ్చే జబ్బుకు బజారులో గిరాకీ లేదు. 2024లో గుజరాత్‌లో అది మళ్లీ పిల్లల ప్రాణాలు తీసింది. పేరు తెలిసి ఇన్నేళ్లైనా దానికి ప్రత్యేకమైన మందు లేదు, వాడుకలోకి వచ్చిన టీకా లేదు. పేరు తెలియడం సగం పనే. మిగతా సగం మన వంతు. చాలా ప్రయోగాలు విఫలమవుతాయి, నిజమే. అందుకే ఇచ్చినవాళ్లు లెక్క అడగాలి. బాకీ కట్టేవాడికి రసీదు అడిగే హక్కుంది. బాకీ లేదనే హక్కు మాత్రం లేదు. కోడెమొక్కు చెల్లించకపోతే ఇంటికి కీడని ఈ ప్రాంతం నమ్ముతుంది. ఈ మొక్కు చెల్లించకపోతే కీడు జరిగేది మనింటికే కాకపోవచ్చు. చాందీపురా ఊరి ఇద్దరికి మనం ఎంత తెలియనివాళ్లమో, మనకు అంతే తెలియని ఏదో ఇంటికి.