బంధించిన చేతిదే బాధ్యత

భూమ్మీద సంచరించే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు, అన్నీ మనలాంటి సముదాయాలేనని, అవన్నీ చివరకు తమ ప్రభువు వద్దకే సమీకరించబడతాయని దివ్య ఖుర్ఆన్ ‘అల్ అన్ఆమ్’ సూరా 38వ వాక్యం తెలియజేస్తోంది. ఈ వాక్యాన్ని మనం ఎన్నోసార్లు పారాయణం చేసి ఉంటాం. కాని ‘మనలాంటి సముదాయాలు’ అన్న మాట దగ్గర ఆగి ఆలోచించినవారు ఎందరు? నన్ను అక్కడ ఆపినవాడు మా మక్తబ్‌లో చదివే పదేళ్ల పిల్లవాడు.

మాది శ్రీ సత్యసాయి జిల్లా ఓబులదేవరచెరువు. వేరుశనగ చేలు, బండరాళ్ల గుట్టలు తప్ప పిల్లలు పెద్దగా అడవిని చూసి ఎరుగరు. అందుకని ఒక సెలవు రోజున ఫజ్ర్ నమాజు కాగానే ఇరవై మంది పిల్లలను వెంటబెట్టుకుని కదిరి, మదనపల్లె మీదుగా తిరుపతికి బయలుదేరాం. శేషాచలం కొండల పాదాల వద్ద ఉన్న శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాలకు చేరేసరికి ఎండ బాగా ఎక్కింది.

1987 సెప్టెంబరు 29న ప్రారంభమైన ఈ జూ విస్తీర్ణం 5,532 ఎకరాలు. ఆసియాలోని అతిపెద్ద జూలలో ఇదొకటి. సందర్శకులు తిరిగే చోటు కొంతే. మిగిలిందంతా చెట్లూ పుట్టలూ ఉన్న సహజమైన అడవి. ఇక్కడ సింహానికీ మనకూ నడుమ తరచుగా కనిపించేది ఇనుప ఊచలు కాదు, లోతైన కందకం. దూరం నుంచి చూస్తే సింహం తన ఇష్టానికి చెట్టు నీడన పడుకున్నట్టే ఉంటుంది.

పిల్లలు కేరింతలు కొడుతున్నారు. ఆ పిల్లవాడు మాత్రం నా కుర్తా అంచు పట్టుకుని అడిగాడు: “హజరత్, పిల్లిని కట్టేసినావిడ దోజఖ్‌కు పోయిందని చెప్పినారు కదా, మరి సింహాన్ని కట్టేసినోళ్లు యాడికి పోతారు?”

“వీళ్లు తిండి పెడుతున్నారు కదా నాయనా” అన్నాను.

“తిండి పెడితే చాలునా?” అన్నాడు వాడు.

ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. తిరుగు ప్రయాణమంతా ఆ ప్రశ్న నా వెంటే వచ్చింది. ఈ వ్యాసం దానికి జవాబు వెతికే ప్రయత్నం.

ఆ స్త్రీ చేసిన నేరం ఏది?

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన ఆ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఒక స్త్రీ పిల్లిని బంధించింది. తాను తిండి పెట్టలేదు. పురుగో పుట్రో ఏరుకుని తినడానికి దాన్ని వదలనూ లేదు. అది ఆకలితో చచ్చిపోయింది. ఆ కారణంగా ఆమె నరకాగ్నికి గురయింది.

హదీసును జాగ్రత్తగా గమనించండి. ఆమె మూసిన ద్వారాలు రెండు. ఒకటి తన చేతి నుంచి దానికి వెళ్లవలసిన తిండి, రెండోది అల్లాహ్ నేలపై పరచిన తిండి. భూమిపై సంచరించే ప్రతి ప్రాణి ఉపాధి బాధ్యతా అల్లాహ్‌దేనని ‘హూద్’ సూరా 6వ వాక్యం చెబుతోంది. ఆ ఉపాధిని వెతుక్కునే కాళ్లను, గోళ్లను, ముక్కును కూడా ఆయనే ఇచ్చాడు. మనిషి వచ్చి తాడు బిగించాడంటే, ఆ ప్రాణికీ దాని రిజ్ఖ్‌కూ నడుమ అడ్డుగా నిలబడ్డాడన్నమాట. ఇక ఆ క్షణం నుంచి, అది తనంతట తాను పొందగలిగినదంతా అతని మెడకు అప్పుగా చుట్టుకుంటుంది.

అంటే బంధించడం దానంతటదే ప్రతిచోటా నిషిద్ధం కాదు. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ దగ్గర ఒక చిన్న పిట్ట ఉండేది. దైవప్రవక్త (స) ఆ పిల్లవాణ్ణి దాని గురించి ఆప్యాయంగా, సరదాగా పలకరించేవారు. పిట్టను వదిలేయమని గద్దించలేదు. ఈ హదీసు ఆధారంగానే తిండీ నీళ్లూ లోటు లేకుండా చూసే షరతుపై పక్షులను పెంచుకోవచ్చని ఎందరో ఫిఖహ్ పండితులు అభిప్రాయపడ్డారు. కేవలం వేడుక కోసం రెక్కలున్న జీవిని ఎగరనివ్వకపోవడాన్ని ఇష్టపడని పండితులూ ఉన్నారు. ఈ రెండు అభిప్రాయాల నడుమ ఉన్న మాట ఒక్కటే. పట్టినవాడికి లెక్క చెప్పవలసిన రోజు ఒకటుంది.

తిండి పెడితే చాలునా?

ఇప్పుడు పిల్లవాడి రెండో ప్రశ్నకు వద్దాం. 5,532 ఎకరాలంటే మనకు చాలా పెద్దదనిపిస్తుంది. లెక్క కడితే సుమారు 22 చదరపు కిలోమీటర్లు. అడవిలో ఒక్క మగ పులి తన సొంతమనుకుని తిరిగే ప్రాంతం పదుల చదరపు కిలోమీటర్లు ఉంటుంది. ఆ లెక్కన ఆసియాలోనే పెద్దదన్న ఈ జూ మొత్తం కలిపినా ఒక్క పులికి చాలకపోవచ్చు. మరి దానికి వాస్తవంగా దక్కేది అందులో ఒక చిన్న ఆవరణ మాత్రమే.

అడవిలో పులికి దొరికేది మాంసమొక్కటే కాదు. నడక ఉంది, వేట ఉంది, చూపులకు అందకుండా దాక్కునే చోటుంది, ఎండకు పొద, దాహానికి వాగు ఉన్నాయి. ఇవన్నీ దాని రిజ్ఖ్‌లో భాగాలే. కనుక బంధించినవాడు తీర్చవలసిన అప్పులో ఇవీ ఉంటాయి. ఇనుప బోనులకు బదులు కందకాలు, చెట్లు, నీటి గుంటలు ఏర్పాటు చేయడం ఆ అప్పులో కొంత తీర్చడమే. పూర్తిగా తీర్చామని మాత్రం ఎవరూ అనుకోరాదు.

దైవప్రవక్త (స) ఒకసారి ఒక అన్సారీ సహాబీ తోటలోకి వెళ్లారు. అక్కడున్న ఒంటె ఆయన్ను చూసి మూలిగింది, దాని కళ్లు చెమర్చాయి. ఆయన దాని చెవుల వెనుక నిమిరారు, అది నెమ్మదించింది. అప్పుడు యజమానిని పిలిపించి, ఈ మూగజీవి విషయంలో అల్లాహ్‌కు భయపడవా అని మందలించారు. నువ్వు దాన్ని ఆకలితో ఉంచి, అలసిపోయేలా పని చేయిస్తున్నావని అది మొరపెట్టుకుందని చెప్పారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన అబూ దావూద్‌లో ఉంది. ఆకలితో పాటు అలసట గురించి కూడా ఆయన విచారించారు. జంతువు హక్కు కడుపుతోనే ఆగిపోదనడానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?

సర్కసు నుంచి వచ్చిన సింహాలు

మరి జూలన్నీ తలుపులు తెరిచి జంతువులను అడవికి వదిలేస్తే సరిపోతుందా? వినడానికి బాగున్న ఈ మాట చాలా సందర్భాల్లో మరో అన్యాయమవుతుంది.

1998లో భారత ప్రభుత్వం సింహాలు, పులులు, చిరుతలు, ఎలుగుబంట్లు, కోతులతో ప్రదర్శనలు చేయించరాదని ఉత్తర్వు ఇచ్చింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అప్పటివరకు సర్కసుల్లో కొరడా దెబ్బలు తిన్న జంతువులు ఎక్కడికి పోవాలి? వాటి కోసం తిరుపతి, విశాఖపట్నం జూలతో సహా దేశంలో కొన్ని చోట్ల సంరక్షణ కేంద్రాలు ఏర్పడ్డాయి. సర్కసులో పుట్టిన సింహానికి వేటాడడం తెలియదు. పైగా అనేకం ఆసియా, ఆఫ్రికా జాతుల కలయిక వల్ల పుట్టినవి, గిర్ అడవికి పంపడానికి పనికిరావు. కనుక వాటికి సంతానం కలగకుండా చూసి, చివరి శ్వాస వరకు కూర్చోబెట్టి మేపడమే మార్గమయింది.

వాటి వల్ల ఎవరికీ లాభం లేదు. అయినా మేపాలి. హిజ్రీ 660లో మరణించిన గొప్ప పండితుడు ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (రహ్మలై) మనిషిపై జంతువుకున్న హక్కులను వివరిస్తూ, అది ముసలిదైనా, జబ్బుపడినా, దానివల్ల ఏ ప్రయోజనమూ లేకపోయినా పోషణ బాధ్యత తప్పదని రాశారు. నాడు టికెట్టు కొని చప్పట్లు కొట్టింది ఒక తరం. దాని బాకీని మరో తరం తీరుస్తోంది.

బంధనం మేలు చేసిన సందర్భమూ ఉంది. తరిగిపోతున్న మూషిక జింకలను కాపాడడానికి హైదరాబాద్ నెహ్రూ జూలో 2010లో పెంపక కార్యక్రమం మొదలైంది. అక్కడ పెరిగిన జింకలను తరువాత నల్లమల అడవుల్లో వదిలారు. తలుపు తెరవడం కోసమే తలుపు వేసిన తీరు అది. పని సంకల్పాన్ని బట్టే విలువ పొందుతుందని మనం మొదటి పాఠంలోనే నేర్చుకుంటాం కదా!

మన ఇంటి సంగతి

ఇంతవరకు ఇతరుల లెక్క చూశాం. ఇక మన లెక్క చూసుకుందాం.

ఎలుగుబంటిని ఊరూరా ఆడించినవారిలో మన ఖలందర్లు ముఖ్యులు. పిల్లను తల్లి నుంచి వేరుచేసి, పళ్లు పీకి, కాల్చిన సూదితో ముట్టెను పొడిచి తాడు దూర్చేవారు. మనమంతా చుట్టూ చేరి నవ్వాం, చిల్లర వేశాం, పిల్లల భయం పోవాలని దాని వెంట్రుకలతో తాయెత్తులూ కట్టించుకున్నాం. ఒక ప్రయాణంలో సహాబీలు ఒక పక్షి పిల్లలను తీసుకుంటే, తల్లి రెక్కలు కొట్టుకుంటూ వారి దగ్గర తిరిగింది. అది చూసి దైవప్రవక్త (స), ఈ తల్లిని పిల్లల విషయంలో బాధపెట్టింది ఎవరని అడిగి, పిల్లలను తిరిగి ఇప్పించారు. ఈ హదీసును నమ్మే సముదాయంలోనే ఆ పని తరతరాలుగా సాగింది. జీవనాధారం లేని పేదలు చేశారు కనుక నింద వారిపైనే వేసి తప్పుకోరాదు. చూసి ఆనందించిన మనకూ అందులో వాటా ఉంది. ఖలందర్లకు వేరే ఉపాధి చూపి ఎలుగుబంట్లను విడిపించే కృషి ఎన్నో ఏళ్లు సాగింది, 2009 నాటికి ఆ ఆట దేశంలో ముగిసింది. విడిపించిన ఎలుగుబంట్లలో కొన్నింటికి హిందూపురం వైపువారికి దగ్గరైన బన్నేరుఘట్టలో ఆశ్రయం దొరికింది.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. నా చిన్నతనంలో మా ఇంటి వసారాలో పంజరంలో ఒక రామచిలుక ఉండేది. దానికి నీళ్లు పోయడం నా పని. ఒక వేసవిలో బంధువుల నికాహ్‌కు అందరం కదిరికి వెళ్లాం. ‘ఒక్క పూటే కదా’ అని నేను గిన్నె నింపలేదు. ఒక్క పూట రెండు రోజులయింది. తిరిగి వచ్చేసరికి చిలుక పంజరం అడుగున పడి ఉంది. “పోనీలే, పిట్టే కదా” అన్నారు పెద్దవాళ్లు. ఆ తరువాత మదరసాలో పిల్లి హదీసు పాఠం వచ్చిన రోజు నేను తల ఎత్తలేకపోయాను. నాడు నేను పసివాణ్ణి, దానికి అల్లాహ్ పట్టుకోడని ఉస్తాద్ ఓదార్చారు. కాని ఆ ఖాళీ గిన్నె ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. రామచిలుకను పట్టి పంజరంలో ఉంచడం నేటి చట్టం ప్రకారం కూడా నేరమే.

కందకానికి ఇవతల

2024 ఫిబ్రవరిలో ఇదే తిరుపతి జూలో ఒక సందర్శకుడు హద్దు దాటి సింహం ఉన్న ఆవరణలోకి దిగి ప్రాణాలు కోల్పోయాడు. అల్లాహ్ అతని కుటుంబానికి సహనం ప్రసాదించుగాక. ఆ సింహం చేసింది నేరమా? కాదు. మూగజీవి దానంతట అది చేసిన గాయానికి శిక్షగానీ పరిహారంగానీ ఉండదని హదీసులో ఉంది. దానికి బుద్ధి పరీక్ష లేదు, ఆజ్ఞల పుస్తకం లేదు. పరీక్ష మనకే. కందకానికి అవతల ఉన్నది తన స్వభావం ప్రకారం నడుచుకుంటుంది. ఇవతల ఉన్న మనం మాత్రం ఎలా నడుచుకున్నామో చెప్పవలసి ఉంటుంది. నిద్రపోతున్న జంతువు లేవాలని రాయి విసిరినవాడు, జింకకు ప్లాస్టిక్ సంచితో సహా తినుబండారం విసిరినవాడు ‘నేను టికెట్టు కొన్నాను’ అంటే ఆ రోజు చెల్లదు. మనం చూడడానికి వస్తామనే కదా ఆ ఆవరణలు కట్టారు! కనుక బంధించిన చేతుల్లో టికెట్టు పట్టుకున్న చెయ్యి కూడా ఒకటి.

మర్నాడు మక్తబ్‌లో ఆ పిల్లవాణ్ణి పిలిచి నాకు తోచిన జవాబు చెప్పాను. “తిండి ఒక్కటే చాలదు నాయనా. పట్టినోడు అది పోగొట్టుకున్నదంతా తలుచుకుని, చేతనైనంత తిరిగి ఇయ్యాల. వేడుకకే పట్టింటే అల్లాహ్‌కు భయపడాల. కాపాడేదానికి పట్టింటే ఓపికగా కాపాడాల. యాడికి పోతారనేది అల్లాహ్ చేతిలో ఉంది.”

వాడు కాసేపు ఆలోచించి, “మా గొర్రెకు నీళ్లు పెట్టి వస్తా హజరత్” అని పరుగెత్తాడు. బక్రీదు కోసం వాళ్లింట్లో కట్టేసిన గొర్రె అది.

సోదరులారా! ఖియామత్ రోజున కొమ్ములు లేని గొర్రెకు కొమ్ముల గొర్రె నుంచి సైతం న్యాయం జరుగుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. గొర్రెకూ గొర్రెకూ నడుమనే లెక్క అంత ఖచ్చితంగా ఉంటే, తాడు చేతబట్టిన మనిషి లెక్క ఎలా ఉంటుంది? మన గుంజకు కట్టి ఉన్న ఎద్దు, మన దొడ్లోని మేక, మన వసారాలోని పంజరం ఈ రోజే ఒకసారి చూసుకుందాం. గిన్నెలో నీళ్లున్నాయా?

మూగజీవుల హక్కులను గుర్తించి నెరవేర్చే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.