నాన్న వచ్చేదాకా

ఊరెళ్ళిన మనిషి కోసం అన్నం మూతపెట్టి ఉంచడం మనందరికీ అలవాటే. రాత్రి పదకొండింటి బండికి దిగుతానన్న మనిషికి కూరగిన్నె, పెరుగుగిన్నె పక్కపక్కన సర్ది, పిల్లి ముట్టకుండా పైన బరువు పెట్టి పడుకుంటాం. ఇందులో ధర్మసందేహమేమీ లేదు. కానీ అన్నం ఉంచినట్టే పని కూడా ఉంచవచ్చునా? ఇంట్లో చెడిపోయిన వస్తువుని, అరగంటలో ఎవరో ఒకరు బాగుచేయగలిగినదాన్ని, "ఆయన వచ్చాక చూస్తార్లే" అని అట్టేపెట్టడం ఆ మనిషి మీద ప్రేమా, లేక మన బద్ధకానికి మనం కట్టిన పట్టుచీరా?

ఈ ప్రశ్న నాకు ఒక సైకిలు పంచరు దగ్గర ఎదురయింది. ధర్మసందేహం పుట్టడానికి కురుక్షేత్రమే కావాలా ఏమిటి, మధ్యతరగతి వరండా చాలదూ!

మావారిది మోటారు పంపుల కంపెనీలో సర్వీసు ఉద్యోగం. రాయలసీమలో ఏ పల్లెలో బోరు మోటారు మొరాయించినా కాకినాడలో మా ఇంట్లో అటకమీది సూట్‌కేసు కిందికి దిగుతుంది. శేషాద్రి ఎక్కి వెళ్ళారంటే మళ్ళీ పదిరోజులకో పన్నెండు రోజులకో రావడం. నెలలో సగం క్యాంపే. ఇంట్లో ఉండే ఆ మిగిలిన సగంలో ఒక ఆదివారం మాత్రం మా అబ్బాయి సైకిలుది. దాంట్లో నాకూ, మా అత్తయ్యకీ, చుట్టాలకీ ఎవరికీ వాటా లేదు. పొద్దున్నే కాఫీ అవగానే సైకిలుని వరండాలో తలకిందులుగా, సీటుమీదా హ్యాండిలుమీదా నిలబెడతారు. నలుగు పెట్టించుకోబోయే పసివాడిలా అది కాళ్ళు పైకెత్తుకుని సిద్ధంగా ఉంటుంది. ఆయన పెద్ద డాక్టరులా చెయ్యి చాపుతారు, వాడు నర్సులా పానా అందిస్తాడు.

పంచరు వేయడం మీరెప్పుడైనా దగ్గర కూర్చుని చూశారా? చూడకపోతే ఒకసారి చూడండి. టైరు అంచుని రెండు బద్దలతో లేపుతారు (మా ఇంట్లో ఆ బద్దలు ఒకప్పటి నా స్టీలు గరిటెల కాడలు. ఆ కథ ఇంకోసారి). ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, బేసిను నీళ్ళలో ముంచుతూ తిప్పుతారు. బుడగలొచ్చిన చోట తుడిచి, గుర్తుపెట్టి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాస్తారు. రాసిన వెంటనే ముక్క అంటించకూడదు. తడిమీద అంటిస్తే నిలవదు. వేలికి జిగట తగిలేదాకా రెండు మూడు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. అతికించాక మళ్ళీ టైరులో ఎక్కించేముందు, టైరు లోపలంతా వేలితో తడిమి చూడాలి. ముల్లు అక్కడే ఉండిపోతే మళ్ళీ అరగంటకి ఇంకో పంచరు.

నా ఉద్దేశంలో ఈ మొత్తం తతంగానికి ప్రాణం ఆ ఊరికే కూర్చునే రెండు మూడు నిమిషాలు. పదిరోజులూ ఫోనులో తండ్రీకొడుకుల సంభాషణ ఎలా ఉంటుందో మీ ఇళ్ళల్లో మీకూ తెలిసే ఉంటుంది. "తిన్నావా?" "ఆఁ." "చదువుతున్నావా?" "ఆఁ." "అమ్మకివ్వు." అంతే. అదే సొల్యూషన్ ఆరుతున్నప్పుడైతే, లెక్కల మాస్టారు ఎవరిని కొట్టారు, వెనకబెంచీ స్నేహితుడు ఊరు మారిపోతే వీడికి ఎలా ఉంది, అన్నీ బయటికొస్తాయి. ఎదురెదురుగా కూర్చోబెడితే నోరు పెగలని మగవాళ్ళు మధ్యలో ఒక చక్రం పెడితే మాట్లాడతారు. నేను వంటింటి కిటికీలోంచి వినేదాన్ని. అందులో తప్పేమీ లేదు, నా వంటిల్లు నేను వదిలి వెళ్ళను కదా.

పోయిన వానాకాలంలో మావారు సోమవారం వెళ్ళారు. మంగళవారం సాయంత్రం సైకిలు ముల్లు తొక్కింది. ఇంకా తొమ్మిది రోజులు. బడి మూడు కిలోమీటర్లు, ఆపైన ట్యూషను, ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిది, మధ్యలో వాన. వీధి చివర సైకిలు షాపులో ఇస్తే పదినిమిషాల పని.

"వద్దమ్మా, నాన్న వచ్చేదాకా ఉండనీ. నడిచి వెళ్తాను" అన్నాడు వాడు.

"నాలుగురోజులు నడిస్తే కాళ్ళేం అరగవులే. వాడి ముచ్చట వాడిది" అన్నారు మా అత్తయ్య.

రాత్రిపూట గుంతల్లో నడిచి రావడం ఏం ముచ్చట అన్నాను నేను. దానికి వాడన్న మాట వింటే మీరూ నాలాగే గరిట పక్కన పెట్టేసేవారు. "షాపులో వేయించేస్తే ఇంక నాన్నకేం మిగుల్తుందమ్మా?"

పదమూడేళ్ళవాడు! వాడి మాటలో నిజం లేదనలేను. ఎందుకంటే ఏమీ మిగలని నాన్నని నేను చూశాను. మా నాన్నగారిదీ తిరిగే ఉద్యోగమే. 1980లలో ఇంట్లో ఫోను కూడా లేదు. కార్డు రాస్తే అది చేరేసరికి ఆయన ఇంకో ఊరు వెళ్ళిపోయి ఉండేవారు. దేనికీ ఆయన కోసం ఆగడానికి వీల్లేదు. అమ్మ ఫ్యూజు వేసేది, బావిగిలక మార్పించేది, మా ఫీజులు కట్టేది, నాకు సంబంధం కూడా తనే చూసింది. పిల్లలం ఆమెను చూసి గర్వపడేవాళ్ళం. ఇప్పటికీ పడతాను. కానీ నాన్నగారు రిటైరై ఇంటికొచ్చాక ఆ ఇంట్లో ఆయనకి పట్టే ఖాళీ లేకపోయింది. పంచదార డబ్బా ఎక్కడుందని అడగడానికి మొహమాటపడేవారు. చివరికి ఎవరూ తొక్కని తన పాత సైకిలుకి రోజూ చమురు వేసుకుంటూ కూర్చునేవారు. తప్పు అమ్మది కాదు, ఆయనదీ కాదు. నీళ్ళు ఒక కాలవ వెంట ముప్ఫై ఏళ్ళు పారితే రెండో కాలవ పూడిపోతుంది, అంతే.

అందుకని పని మిగిల్చి ఉంచడమే మంచిదందామా? అదీ చూశాను. కోనసీమలో మా బంధువులావిడ భర్త గల్ఫులో ఉంటాడు. రెండేళ్ళకోసారి రెండు నెలల సెలవు. ఆవిడ సాధ్వి, నేనేమీ అనడం లేదు. కానీ ఆయన వెళ్ళిన మర్నాటి నుంచీ కారే కుళాయి, బిగుసుకుపోయిన తలుపు, పెంకులు కదిలిన వసారా, ఆఫీసు చుట్టూ తిరగాల్సిన కాగితాలు అన్నీ ఆయన పేర జమ అవుతూ ఉంటాయి. "ఆయనే రావాలి, ఆయన చేతిమీదే జరగాలి" అంటుంది. వినడానికి ఎంత బావుంటుంది! ఆ మనిషి విమానం దిగి స్నానం చేయకముందే చేతిలో చీటీ. ఆ రెండు నెలలూ నిచ్చెన మీదే. ఒకసారి నాతో నవ్వుతూనే అన్నాడు, "అక్కడే నయమండీ వదినగారూ, శుక్రవారం సెలవిస్తారు" అని.

అంటే ఆయన కోసం ఆవిడ ఉంచింది పనినే గాని చోటుని కాదు. ఈ రెండూ ఒకటే అనుకోవడంలోనే చిక్కంతా ఉందని నాకు అనిపించింది.

మన ఆడవాళ్ళ పాటల్లో ఊర్మిళాదేవి నిద్ర ఉంది చూశారూ. భర్త అడవికి వెళ్తే పద్నాలుగేళ్ళు నిద్రపోయింది మహాతల్లి. సర్వం ఆపేసి ఎదురుచూడడమంటే అంతకంటే ఏముంది? తీరా లక్ష్మణుడు తిరిగొచ్చి పక్కన కూర్చుంటే, ఎవరో పరాయి మగవాడనుకుని మందలిస్తుంది! చిన్నప్పుడు ఆ ఘట్టానికి నవ్వుకునేదాన్ని. ఇప్పుడు ఆ పాట కట్టిన ఆడవాళ్ళకి ఎంత తెలుసునో అనిపిస్తుంది. ఆగిపోయిన మనిషికి తిరిగొచ్చిన మనిషి అంత సులువుగా ఆనవాలు దొరకడు.

అదే పద్నాలుగేళ్ళు భరతుడికి కూడా. ఆయన నిద్రపోలేదు. "అన్నయ్య వచ్చాక చూద్దాం" అని పన్నులు వసూలు చేయడం మానలేదు. పాదుకలు సింహాసనం మీద పెట్టి, వాటికి ఒకమాట విన్నవించి, పని మాత్రం నందిగ్రామంలో కూర్చుని తనే చేశాడు. రాముడు వచ్చాక ఖజానా, ధాన్యాగారం, సైన్యం పదిరెట్లయ్యాయి, చూసుకో అన్నాడట. అదంతా నీ మహిమే అని కూడా అన్నాడట. పని ఆగలేదు, పీట మీద ఇంకొకరు కూర్చోలేదు. పదిరెట్లు చేసినవాడు లేచి పక్కకి నిలబడటమంటే మాటలు కాదు. మా అమ్మకి ఎవరైనా ఆ కిటుకు చెప్పి ఉంటే ఎంత బావుండేదో! అయినా ఆవిడ పక్కన సుమంత్రుడూ లేడు, వసిష్ఠుడూ లేడు, ముగ్గురు పిల్లలం తప్ప.

ఇంతకీ మా పంచరు ఏమైందంటారా? షాపుకీ వెళ్ళలేదు, తొమ్మిదిరోజులూ ఆగలేదు. ఆ రాత్రే ముక్కాలిపీట మీద ఫోను నిలబెట్టి, మదనపల్లె లాడ్జిలో ఉన్న తండ్రి వాట్సాప్‌లో చూస్తుండగా, వాడే వేశాడు. "బుడగలెక్కడ? కెమెరా కిందికి దించు. ముందు ఆ వాల్వ్ ట్యూబు చూశావా, అది చిట్లినా గాలిపోతుంది. అరె, ఇంకా తడిగా ఉంది, ఆగు!" ఆగారు. ఆ మూడు నిమిషాలు ఫోనులో కూడా మూడు నిమిషాలే. బడి సంగతులు వచ్చాయి. నేను బేసిను పట్టుకుని ఉన్నాను కాబట్టి ఈసారి కిటికీ అవసరం పడలేదు. చివర్న "లోపల వేలు పెట్టి తడిమావా?" అన్నారు. తడిమాడు. తుమ్మముల్లు.

తొమ్మిదోనాడు దిగగానే ఆయన చెప్పులు విప్పకుండానే సైకిలు దగ్గరికి వెళ్ళారు. చక్రం ఒకసారి తిప్పారు, గాలి నొక్కి చూశారు. "నాకంటే శుభ్రంగా వేశాడోయ్" అన్నారు నాతో. ఆ గొంతులో సగం సంతోషం. రెండో సగానికి మాట నాకు దొరకలేదు, ఇన్ని నవలలు రాసినదాన్నయినా.

అసలు గాలి టైరు కథే తండ్రీకొడుకుల కథ. 1887లో బెల్‌ఫాస్ట్‌లో ఉన్న డన్‌లప్ అనే పశువైద్యుడు కొడుకు మూడుచక్రాల బండి కుదుపులు తగ్గించడానికి రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. మరుసటి ఏడు, 1888లో, పేటెంటు తీసుకున్నాడు. అంతకు నలభై ఏళ్ళ క్రితమే థామ్సన్ అనే ఇంకొకాయన కనిపెట్టి ఉన్నాడని తేలి ఆ పేటెంటు నిలవలేదు గాని, లోకం డన్‌లప్ పేరే పెట్టుకుంది. ఆ పిల్లవాడికి మొదటి పంచరు అయినప్పుడు నాన్న ఇంట్లో ఉన్నాడో లేడో!

ఇక్కడ ఒకమాట చెప్పకపోతే మీరు నన్ను అపార్థం చేసుకుంటారు. ఎదురుచూడడంలో మాధుర్యం ఉందని నేననడం లేదు. 1990ల మొదట్లో తమిళనాడులో, పుదుక్కోట్టై జిల్లాలో, షీలారాణి చుంకత్ కలెక్టరుగా ఉన్నప్పుడు అక్షరాస్యతతో పాటు పల్లెల్లోని ఆడవాళ్ళకి సైకిలు తొక్కడం కూడా నేర్పించారు. వేలకు వేలమంది నేర్చుకున్నారు. అంతకుముందు బస్సు కోసమో, తండ్రో మొగుడో వచ్చి ఎక్కించుకుని వెళ్ళడం కోసమో ఆగేవాళ్ళు, ఆగడం మానేశారు. ఆగిపోయే చోట ఎప్పుడూ ఉండేది మనమే కాబట్టి, "ఆయన వచ్చేదాకా" అనే మాటని నేను అనుమానంగానే చూస్తాను.

ఇంకో అనుమానం కూడా ఉంది. పని మిగల్చడం ప్రేమే అయితే, నామీద మా ఇంట్లో వాళ్ళకి ఉన్నంత ప్రేమ లోకంలో ఎవరికీ లేదు! సభలకని మూడురోజులు హైదరాబాదు వెళ్ళి వస్తే నాకోసం ఏమేం అట్టేపెట్టి ఉంటాయో చెప్పనా? నిండిన సింకు, తడి తువ్వాళ్ళ గుట్ట, గడువు దాటిన కరెంటు బిల్లు. ఎవరూ వాటిని చూపించి "నీకేం మిగుల్తుందని ఉంచాం" అనరు. నేనూ కరిగిపోను. తిరిగొచ్చే మనిషి ఏ పని కనబడితే మొహం విప్పారుతుందో ఆ పని వేరు, ఎవరికీ అక్కర్లేక మిగిలిపోయిన పని వేరు. మావారికి పంచరు మొదటిది. నాకు సింకు రెండోది. ఈ తేడా మావాడికి చెప్పాను. విని, లేచి వెళ్ళి తన కంచం కడిగాడు. మర్నాడు మళ్ళీ చెప్పాల్సొచ్చింది, అది వేరే సంగతి.

ఇప్పుడు వాడు ముళ్ళ సంగతి తనే చూసుకుంటాడు. బ్రేకు రబ్బర్లు కూడా తనే మార్చాడు. చక్రం ఇరుసు విప్పి, గోళీలు కడిగి, కొత్త గ్రీజు పెట్టి బిగించడం మాత్రం వేసవి సెలవుల్లో తండ్రి ఇంట్లో ఉన్న ఆదివారానికే. అది పదిరోజులు ఆగినా సైకిలు ఆగదు. వాడికి చేయడం వచ్చని నాకు అనుమానం. నేను అడగలేదు.

పోయిన మేనెలలో ఆవకాయ రోజుకి నేను ఊళ్ళో లేను. విజయవాడలో ఒక సభ, అనుకోకుండా ఇంకో రెండు రోజులు ఉండాల్సొచ్చింది. కాయ కొట్టించేశారని ఫోనులో తెలిసింది. కొట్టిన ముక్క మెత్తబడకుండా ఆగదు. నాకోసం ఆగమని నేనూ అనలేదు. ఆవపిండి, కారం, ఉప్పు పాళ్ళు మా ఇంట్లో నావి. ఈసారి అత్తయ్యే కలిపేశారు. మూడోనాడు పొద్దున్న నేను ఇల్లు చేరేసరికి జాడీ వాసెనగుడ్డ కట్టి అలాగే ఉంది, పక్కన పెద్ద పళ్ళెం, పొడి గరిట, నూనె డబ్బా. "తిరగకలపడానికి నువ్వు రావాలిగా. ఉప్పు నీకే తెలుస్తుంది" అన్నారు ఆవిడ, పేపరులోంచి తలెత్తకుండా.

చెయ్యి కడుక్కుని కూర్చున్నాను. ఉప్పు ఒక పిసరు తక్కువగానే ఉంది. వేశాను.