ఎరవు గుఱ్ఱము

“ఎరవుల సొమ్ము బరువుల చేటు” అని మన పెద్దలు చెప్పుదురు. నగల విషయమున ఈ మాట చక్కగా సరిపోవును. నగ అరిగినచో తూచి చూడవచ్చును. పోయినచో వెల కట్టి ఇయ్యవచ్చును. కాని ఎరవు తెచ్చుకొన్నది ప్రాణమున్న జీవమైనచో ఏమి తూతుము? ఏమి వెల కట్టుదుము? ఈ ప్రశ్న మాకు గ్రంథములలో ఎదురుపడలేదు. హరూరులో మా ఇంటి పెరటిలోనే ఎదురుపడినది.

మేము పాఠశాల చదువుతోనే గుమాస్తా ఉద్యోగమున చేరి, దస్త్రముల నడుమ కాలము గడపి విశ్రాంతి పొందినవారము. గుఱ్ఱములతో మా పరిచయము చిన్ననాటి జట్కాబండ్ల వరకే. రెండేండ్ల క్రిందట మా దూరపు బంధువొకరు వ్యాపారము నిమిత్తము బెంగుళూరునకు తరలిపోవుచు, తమ గోడిగను ఏడాదిపాటు మాయొద్ద ఉంచిపోయిరి. మేత మాది, మా మనుమడు దానిపై స్వారి చేయవచ్చును, గడువు తీరిన పిమ్మట తిరిగి అప్పగింపవలెను. ఇంతియే ఒడంబడిక. దాని వయస్సు పదునెనిమిదేండ్లు.

ధనుర్మాసపు చలిలో ఒకనాటి ఉదయము గోడిగ కొట్టమునుండి వెలుపలికి వచ్చుచు అడుగులు చిన్నవిగా వేసినది. కొంతదూరము నడచిన పిదప కాళ్ళు సాగినవి, మేమును ఊరటపడితిమి. నెల తిరుగకమునుపే, ముందరి కుడికాలు నేల మోపినప్పుడెల్ల తల పైకెత్త మొదలిడినది. మా మనుమడు తీర్థమలై పోవు తారుబాటపై దానిని పరుగులెత్తించుచుండుట మేమెఱుగనిది కాదు. తప్పు మాదేయని మనస్సు చెప్పినది. యజమాని ఫోను చేసి క్షేమమడిగినప్పుడు మాత్రము “బాగున్నది” అంటిమి.

పిమ్మట జాలి మొదలైనది. ఆ జాలియు దానికి మేలు చేయలేదు. నొప్పిగానున్నదని పది దినములు కొట్టములోనే కట్టివేసితిమి. కాళ్ళు మఱింత బిగిసినవి. నీరసించినదని ఉలవలు ఎక్కువ పెట్టితిమి; ఒడలు బరువెక్కి, ఆ బరువు కీళ్ళమీదనే పడినది. తెలివి తోడులేని జాలి మన మనస్సును ఊరడించునేగాని ఎదుటి ప్రాణికి మేలు చేయదని అప్పుడు తెలిసికొంటిమి.

చివరకు పశువైద్యుని పిలిచితిమి. ముదిమిచేత కీలులోని మెత్తని ఎముక అరిగినదనియు, అది మరల మునుపటివలె కాదనియు, అయినను బాధ తగ్గించుటకు మార్గములు కలవనియు ఆయన చెప్పెను. కట్టివేయక మెత్తని నేలపై తిరుగనీయవలెను. ఉదయము నెమ్మదిగా నడిపించి కీళ్ళు సడలనీయవలెను. ఆరు మొదలు ఎనిమిది వారములకొకమారు గిట్టలు చెక్కించవలెను. గింజలు తగ్గించి గడ్డి పెట్టవలెను. పడుకొనుటకు మందముగా గడ్డి పఱువవలెను. అయితే ప్రతి కుంటికిని నడకయే మందని తలంపరాదు. గిట్టలు వేడెక్కి, గుఱ్ఱము బరువంతయు వెనుకకాళ్ళపై మోపి నిలిచినచో అది గిట్టలోని వాపు; అప్పుడు నడిపించుట క్రూరత్వము. కాలు నేల మోపలేనిచో ఆ దినముననే వైద్యుని పిలువవలెను. నొప్పిని అణచు మందొకటి ఇచ్చి, మోతాదు మీఱినచో కడుపులో పుండ్లు పడుననియు, మందు మఱుగున పని చేయించినచో అరిగిన కీలు ఇంకను అరుగుననియు హెచ్చరించెను.

మందు పనిచేసినది, గోడిగ తిన్నగా నడచినది. మాకు అసలు పరీక్ష అప్పుడే వచ్చినది. గడువు తీరవచ్చెననియు, పెండ్లి ఊరేగింపులకు గుఱ్ఱములనిచ్చువాడొకడు దానిని కొనజూచుచున్నాడనియు యజమాని తెలిపిరి. “అప్పగించునాటి ఉదయము మందు వేయుడు, లోపము కానరాదు” అని పొరుగువారొకరు సలహా ఇచ్చిరి. దాచనేల? ఒక రాత్రియంతయు ఆ మాట మాకు బాగుగనే తోచినది. మందు ఒకటే, మోతాదు ఒకటే. నిన్న అది చికిత్స, రేపు అది మోసము. ఎవరికొఱకు వేయుచున్నామను దానిలోనే భేదమంతయు ఉన్నది.

1872వ సంవత్సరపు భారత ఒడంబడికల చట్టము ఎరవునుగూర్చి చెప్పుచు గుఱ్ఱమును పలుమార్లు ఉదాహరణముగా తీసికొన్నది. పొగరుబోతు గుఱ్ఱమని ఎఱిగియు చెప్పక ఎరవిచ్చినవాడు, దానిపైనుండి పడి గాయపడినవానికి పరిహారమియ్యవలెనని 150వ సెక్షను. సామాన్య వివేకము గలవాడు తన సొత్తును చూచుకొనునంత జాగ్రత్త ఎరవు సొత్తుపైనను చూపవలెనని 151వ సెక్షను. తన స్వారికి మాత్రమే తెచ్చుకొన్న గుఱ్ఱమును ఇంటివారిలో మఱియొకరికి ఇచ్చినవాడు, అది జాఱిపడి గాయపడినచో బాధ్యుడని 154వ సెక్షను. ఇవి న్యాయమైన మాటలే. కాని వీనిలో కక్షిదారులు ఇద్దరే: ఇచ్చినవాడును, పుచ్చుకొన్నవాడును. నొప్పి అనుభవించునది కక్షిదారు కాదు, సొత్తు. 1960లో వచ్చిన జంతుహింసా నివారణ చట్టము, రోగముచేతనో వార్ధక్యముచేతనో పనికి తగని జంతువుచేత పని చేయించుట నేరమన్నది. అయినను మందు మాటున నడచు గుఱ్ఱమును చూచి పనికి తగనిదని ఎవరు పట్టగలరు? ఎఱిగినవాడు నోరు విప్పవలసినదే.

భారతములో, సూర్యాస్తమయములోగా సైంధవుని వధింతునని అర్జునుడు ప్రతిన పూనిన నాటి కథ మనకు తెలిసినదే. ఒక్కొక్క గడియ ప్రాణముతో సమానమైన ఆ వేళ, గుఱ్ఱములు బాణములు నాటి డస్సెను. అర్జునుడు నేలపై నిలిచి శత్రువులను ఆపుచుండగా, శ్రీకృష్ణుడు వానిని విప్పి, బాణములు ఊడబెఱికి, ఒడలు నిమిరి, నీరు త్రాపెను. అంతటి తొందరలో ఆయనకు దొరకిన తీరిక, ఏ తొందరయులేని మాకు దొరకలేదా యని సిగ్గుపడితిమి.

మఱునాడు యజమానికి ఫోను చేసి, తారుబాట పరుగులు మొదలు మందు వరకు అంతయు చెప్పితిమి. కోపమునకు సిద్ధపడియుంటిమి. ఆయన కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, “చలికాలమున అది బిగిసికొనుట నాకు ముందే తెలియును. చెప్పినచో మీరు పుచ్చుకొనరని చెప్పలేదు” అనిరి.

ఇచ్చినవారు దాచిరి, పుచ్చుకొన్న మేమును దాచితిమి. నోరున్న ఇరువురము ఊరకుండగా, నోరులేనిది మాత్రము ప్రతి అడుగునను నిజము చెప్పుచునేయుండెను. దాని తప్పునకు తలవంచవలసినది అది కాదు, మేమిరువురము.

బేరము మానిపోయినది. గోడిగ మాయొద్దనే యున్నది. మందు ఖర్చు చెరిసగము. ఇప్పుడు దానిపై ఎవరును ఎక్కరు. వేకువను మా మనుమడు దాని ప్రక్కన చెఱువుకట్టమీద నడచును. అది నిలిచినచోట వాడును నిలుచును. ఎరవు గడువు దీనితో తీరినదో, ఇప్పుడే మొదలైనదో మేము నిశ్చయింపలేకున్నాము. చేతికి వచ్చినదానిని వచ్చినట్లు తిరిగి ఇచ్చుట నగల ధర్మము. ప్రాణము దినదినము మాఱుచుండును. వచ్చినట్లు తిరిగి ఇయ్యశక్యము కాదు. ఉన్నదున్నట్లు చెప్పి ఇయ్యగలము. ముసలి తల్లిదండ్రులను కొన్నాళ్ళొకరియింట, కొన్నాళ్ళొకరియింట ఉంచుకొను మన కుటుంబములలోను ఈ మాట పనికివచ్చునేమో పాఠకమహాశయులు ఆలోచింతురుగాక.