తెర మీద నీళ్ళెక్కడివి?

బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్ క్రిటాలో నీటిరంగు బ్రష్ చేయాలనుకుంటే నేను ముందు కంప్యూటర్ తెరవను. 300 జీఎస్ఎమ్ కాటన్ కాగితం తీసుకుని, పలచగా కలిపిన నల్లరంగుతో మరకలు వేస్తాను. కొన్ని తడి కాగితం మీద, కొన్ని పొడి కాగితం మీద. కొన్నిటి మీద ఉప్పు చల్లుతాను. కొన్నిటిలో ఆరీ ఆరకముందే మంచినీటి చుక్క వదులుతాను. అన్నీ ఆరాక 600 డీపీఐలో స్కాన్ చేసి, ఒక్కో మరకనూ చదరంగా కత్తిరించి, కాగితం తెలుపు అచ్చమైన తెలుపయ్యేదాకా లెవెల్స్ సరిచేస్తాను. బ్రష్‌కు నలుపంటే రంగు పడే చోటు, తెలుపంటే ఏమీ పడని చోటు. తెర మీద గీతలా కనిపించేది ఆ మరక ముద్ర వెంటవెంటనే పడుతూ పోవడమే. ముద్రకూ ముద్రకూ ఎడం ఎంత, పెన్ను నొక్కితే చిక్కదనం ఎంత పెరగాలి, అడుగున కాగితం గరుకు ఎంత కనిపించాలి, అన్నీ నేనే నిర్ణయిస్తాను.

నేను పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. ఉండేది రాజమహేంద్రవరంలో. చిన్నప్పుడు నాకు నీటిరంగులు నేర్పిన మాస్టారు ఈమధ్య ఇంటికొచ్చి, నేను వేస్తున్న గోదావరి లంక బొమ్మను చాలాసేపు చూశారు. "బాగుందమ్మా. కానీ ఇందులో నీళ్ళెక్కడున్నాయి?" అన్నారు. ఎగతాళికి అన్న మాట కాదు, తెలుసుకోవాలనే అడిగారు. అంచుల్లో రంగు చిక్కబడి ఉంది. ఒకచోట నీరు వెనక్కి పాకి పువ్వులా విచ్చుకుంది. ఇవన్నీ నీళ్ళు చేసే పనులు. నీళ్ళే లేనిచోట నీళ్ళ పని కనిపిస్తే దాన్ని అబద్ధమనాలా?

మన ఆలంకారికులు ఈ చర్చ ఎప్పుడో మొదలుపెట్టారు. 9వ శతాబ్దంలో కశ్మీరంలో శ్రీశంకుకుడు నాటకంలో రసం ఎలా కలుగుతుందో చెబుతూ చిత్రతురగ న్యాయాన్ని తెచ్చాడు. బొమ్మలో గుర్రాన్ని చూసి 'గుర్రం' అంటాం. ఆ తెలివిడి యథార్థం కాదు, అక్కడ గుర్రం లేదు. భ్రమ కూడా కాదు, తాడును చూసి పామనుకున్నవాడిలా ఎవరూ ఉలిక్కిపడి తర్వాత తేరుకోరు. సందేహమూ కాదు, 'గుర్రంలాంటిది' అనే పోలికా కాదు. ఈ నాలుగింటికీ వేరైనది అన్నాడాయన. ఆయన గ్రంథం మనకు దక్కలేదు. అభినవగుప్తుడు అభినవభారతిలో ఖండించడానికి ఎత్తిచూపినంత మేరకే తెలుసు. ఖండన అభినవగుప్తుడి గురువు భట్టతౌతుడిది: బొమ్మలో ఆవు లేదు, ఆవు అవయవాల పొందికను పోలేలా పరిచిన సింధూరం ఉంది, అంతే.

మా మాస్టారిది తౌతుడి దారి. కాకపోతే తౌతుడికి కనీసం సింధూరం మిగిలింది. నా తెర మీద అదీ లేదు. లంకా లేదు, లంకను వేసిన రంగూ లేదు. గుర్రం బొమ్మ వేసిన రంగు కూడా బొమ్మే అయినప్పుడు శంకుకుడు ఏమనేవాడో అని నేను చాలా ఆలోచించాను.

నిజమైన మరక అంచు ఎందుకు చిక్కబడుతుంది? చుక్క అంచు కాగితాన్ని పట్టుకుని కదలదు. అక్కడ నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి నడిమి నీరు అంచుకు పారుతూ రంగు రేణువుల్ని మోసుకుపోతుంది. కాఫీ మరకలో జరిగే ఈ సంగతిని 1997లో డీగన్ బృందం నేచర్ పత్రికలో వివరించింది. అదే ఏడాది కంప్యూటర్ గ్రాఫిక్స్ సభ సిగ్రాఫ్‌లో కసిడీ కర్టిస్, ఆయన సహచరులు నీటిరంగును కంప్యూటర్‌లో లెక్కగట్టే పద్ధతి చెప్పారు. కాగితం మీద పారే పలచటి నీటిపొర, రంగు దిగే పొర, కాగితం లోపల తడి పీల్చుకునే పొర, ఇలా మూడిటికీ వేరువేరు లెక్కలు. అది నీటిని అనుకరించే దారి. నేను ఎంచుకున్నది వేరు. నా బ్రష్‌లో ఉన్నది అనుకరణ కాదు, ఆనవాలు. తడి ఇసుకలో మిగిలిన అడుగులాంటిది. ఒకరోజు మా డాబా మీద, కాగితంపై నీళ్ళు నిజంగా అలా పారాయి. అందుకే మాస్టారి ప్రశ్నకు నా మొదటి జవాబు: నీళ్ళు లేవు, కానీ ఉండేవి.

ఆ జవాబు చాలదని నాకూ తెలుసు. కాగితం మీద ఒక్కసారే పుట్టిన మరక బ్రష్‌లో వేలసార్లు పడుతుంది. కన్ను ఇట్టే పట్టేస్తుంది. అందుకని కొన్ని మరకల్ని ఒకే జీఐహెచ్ ఫైల్లో పెట్టి 'రాండమ్' ఎంచుకుంటాం. తిరుగుడుకు 'ఫజీ డాబ్' జోడిస్తే ఒక్కో ముద్ర ఒక్కోలా తిరుగుతుంది. చూసేవాళ్ళకు అది దానంతటదే జరిగినట్టుంటుంది. కానీ కంప్యూటర్ ఇచ్చే యాదృచ్ఛిక సంఖ్యలు సాధారణంగా ఒక సూత్రంలోంచి పుడతాయి. మొదటి సంఖ్య అదే అయితే వరసంతా అదే వస్తుంది.

శ్వేతాశ్వతరోపనిషత్తు ఆరంభంలోనే జగత్తుకు కారణమేమిటని అడుగుతూ కాలం, స్వభావం, నియతి, యదృచ్ఛ అని మరికొన్నిటితో కలిపి వరసగా చెబుతుంది. అవేవీ చాలవని కూడా అంటుంది. ఈ నాలుగింటినీ నా తెర ముందు నిలబెట్టి చూస్తే, నియతి నిండుగా ఉంది. యదృచ్ఛ నియతి వేసుకున్న వేషం. స్వభావం చాలా తక్కువ. కాగితం మీద అల్ట్రామెరీన్ నీలం కాగితం గుంటల్లోకి దిగి రవ్వరవ్వగా నిలుస్తుంది, నేను వద్దన్నా సరే. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య సోమేశ్వరుడి మానసోల్లాసం దూడ చెవి వెంట్రుకల్ని లక్కతో అతికి కుంచె చేయమంటుంది. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు వెదురుపుల్లకు ఉన్ని చుట్టి కలం కట్టుకుంటారు. వెంట్రుకకూ ఉన్నికీ తమ మాట తమకుంది, చేయి దాన్ని వినాలి. నా బ్రష్‌కు నేను పెట్టిన మాట తప్ప వేరే మాట లేదు.

అసలు లోటు కాలంలో ఉంది. మా ఊరి దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళినప్పుడల్లా నాకు ఇదే తోస్తుంది. ఆయన ముప్ఫై నిండకుండానే 1925లో మశూచితో పోయారు. ఆ నీటిరంగుల్లో ప్రతి పూతా తడి ఉన్న ఆ కాసేపట్లో తేలిపోయింది, మళ్ళీ తేలదు. నా దగ్గర కంట్రోల్ జెడ్ నొక్కితే జరిగింది జరగనట్టే. నీళ్ళు లేకపోవడం కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇది. చేసినదానికి ఫలితం అంటుకోని చోట చేసినవాళ్ళు ఎవరు?

అందుకని క్రిటా సెట్టింగుల్లో ఆ షార్ట్‌కట్ తీసేశాను. పూతలు వేసేటప్పుడు వెనక్కి వెళ్ళను, తప్పు పడితే దాని మీదే పని చేస్తాను. కావాలంటే మెనూలోంచి వెళ్ళొచ్చుగా అని మాస్టారు అడిగారు. వెళ్ళొచ్చు. నీటికి వెనక్కి పోయే వీలే లేదు, నాకుంది. ఉండీ పోకపోవడం నా వ్రతం. నీరు ఇచ్చే కాలాన్ని ఇలా నియమంతో తెచ్చుకోవచ్చని నేను గట్టిగా నమ్ముతున్నాను. స్వభావాన్ని మాత్రం తెచ్చుకోలేను.

శంకుకుడి న్యాయంలో ఒక షరతు దాగి ఉంది. చూసేవాడికి అది బొమ్మ అని తెలుసు. ఆ తెలియడం పోయినరోజు చిత్రతురగం వట్టి మోసమవుతుంది. తెర మీద వేసిన బొమ్మను గరుకు కాగితం మీద అచ్చువేసి అసలు నీటిరంగని అమ్మేవాళ్ళున్నారు. అక్కడ అబద్ధం బ్రష్‌లో లేదు, కింద రాసిన చీటీలో ఉంది. నేను నా బొమ్మల కింద 'డిజిటల్' అనే రాస్తాను. బ్రష్‌లు చేసుకునే పిల్లల్ని కోరేది కూడా ఇదే: మీ మరకలు మీరే వేసుకోండి, బొమ్మ కింద ఉన్నదే రాయండి.