ఒక్క పగటిలో ఒక దేశం

జ్యూరిక్‌లో రైలెక్కితే ఎడమచేతివైపు కిటికీ పట్టుకోండి. ఊరు వదలగానే జ్యూరిక్ సరస్సు తోడొస్తుంది. అది వెనకబడ్డ కాసేపటికి వాలెన్ సరస్సు. అవతలి ఒడ్డున చుర్‌ఫిర్‌స్టెన్ శిఖరాలు వరసకట్టి, నీళ్ళలోంచే మొలిచాయా అన్నంత నిటారుగా ఉంటాయి. రైలు సొరంగంలోకి దూరిన ప్రతిసారీ అయ్యో అనిపిస్తుంది. బయటపడగానే మళ్ళీ ఆ నీలిమ, ఆ కొండలు. సుమారు గంటకి సార్గన్స్ వస్తుంది. అక్కడ దిగి బస్సెక్కాలి. బస్సు రైన్ నది మీది వంతెన దాటుతుంది. అంతే, దేశం మారిపోయింది! గేటు లేదు, పాస్‌పోర్టు చూపమన్నవాళ్ళు లేరు. బాల్జర్స్ ఊళ్ళో గుట్ట మీద గూటెన్‌బర్గ్ కోట, దాని వాలున ద్రాక్షతోట కనిపించాయంటే లీక్టెన్‌స్టైన్‌లోకి వచ్చేశామన్నమాట.

మొత్తం దేశం 160 చదరపు కిలోమీటర్లు. పొడవు 25 కిలోమీటర్లు. జనం దాదాపు 40 వేలు. పడమట రైన్ నది, అవతల స్విట్జర్లాండ్. తూర్పున ఆల్ప్స్, వాటి వెనక ఆస్ట్రియా. తనకీ సముద్రం లేదు, ఇరుగుపొరుగుకీ లేదు. అలాంటి దేశాలు ప్రపంచంలో రెండే, రెండోది ఉజ్బెకిస్తాన్. విమానాశ్రయం లేదు. సైన్యాన్ని 1868లోనే రద్దు చేసి, మళ్ళీ పెట్టుకోలేదు. ఆ తర్వాత రెండు ప్రపంచ యుద్ధాలు యూరప్‌ని తగలబెట్టాయి, పక్కనే ఉన్న ఆస్ట్రియా సామ్రాజ్యం కూలిపోయింది. ఒక్క సైనికుడు కూడా లేని ఈ నేల మాత్రం నిలిచింది. నాకు అన్నిటికంటే ఆశ్చర్యం ఇదే.

పుట్టుక కూడా వింతే. లీక్టెన్‌స్టైన్ అనేది మొదట ఒక వంశం పేరు. ఆ వంశానికి వేరేచోట్ల కావలసినన్ని భూములున్నాయి. కానీ పవిత్ర రోమన్ సామ్రాజ్య సభలో స్థానం దక్కాలంటే నేరుగా చక్రవర్తి కిందే ఉండే నేల కావాలి. అందుకని 1699లో షెలెన్‌బర్గ్, 1712లో వాడూజ్ ప్రాంతాలు కొన్నారు. 1719లో ఆరవ చార్లెస్ చక్రవర్తి ఆ రెంటినీ కలిపి, వాళ్ళ పేరే దేశానికి పెట్టాడు. కొన్న పొలం ముఖం చూడని ఆసామిలా ఆ రాజులు తరాల తరబడి వియన్నా వైపే ఉండిపోయారు. చివరికి 1938లో రెండవ ఫ్రాంజ్ జోసెఫ్ వచ్చి వాడూజ్ కోటలో కాపురం పెట్టాడు. ఆ కుటుంబం ఇవాళ్టికీ అక్కడే ఉంటుంది, అందుకే కోటలోకి సందర్శకుల్ని రానివ్వరు. కింద వీధిలో ఎక్కడ నిలబడి తలెత్తినా కోట కనిపిస్తూనే ఉంటుంది.

రాజధాని వాడూజ్ ప్రధాన వీధి నడవడానికి పావుగంట చాలు. 25 మంది సభ్యుల పార్లమెంటు, నల్లటి పెట్టెలా మెరిసే ఆధునిక కళల మ్యూజియం, తపాలా బిళ్ళల మ్యూజియం అన్నీ అక్కడక్కడే. 1912 నుంచి ఈ దేశం బిళ్ళలు వేస్తోంది, ప్రపంచమంతటా ఆల్బముల్లో అవి అపురూపంగా దాగి ఉన్నాయి. మధ్యాహ్నం కేస్‌క్నోఫ్లె తినకుండా రాకండి. పిండి ముద్దల్ని చిన్నచిన్నగా ఉడికించి, కరిగిన చీజ్‌లో కలిపి, పైన ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు వేస్తారు. పక్కన ఆపిల్ గుజ్జు పెడతారు. ఘాటైన చీజ్ వెనకాలే పుల్లటి తీపి నాలుకకి తగిలితే ప్రాణం లేచివస్తుంది.

తిన్నాక నదికేసి నడవండి. వాడూజ్‌కీ అవతలి స్విట్జర్లాండ్ ఊరు జెవెలెన్‌కీ మధ్య 1901 నాటి చెక్క వంతెన ఉంది. 135 మీటర్ల పొడవు, ఇంటికి వేసినట్టు పైన కప్పు. లోపల చీకటి చల్లగా ఉంటుంది. పాత కలప వాసన. ఏటవాలు దూలాల మధ్య నుంచి వెలుగు చారలుగా పడుతుంది. అడుగు వేస్తే పలక పలుకుతుంది. సందుల్లోంచి చూస్తే రైన్, కొండల బూడిదరంగు కలిసిన పచ్చటి నీరు, ఉరుకుతూ పోతోంది. సరిహద్దు సరిగ్గా వంతెన నడుమ. ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ పెట్టి నేను చాలాసేపు నిలబడ్డాను. సైకిళ్ళు నన్ను తప్పుకుంటూ ఈ దేశం నుంచి ఆ దేశానికి వెళ్ళిపోతున్నాయి. ఈ నదే 1927లో షాన్ అనే ఊరి దగ్గర గట్టు తెంచుకుని పల్లెల్ని ముంచేసింది. ఆనాటి రైతుల దేశమే ఇప్పుడు యంత్రాలు, కృత్రిమ దంతాలు తయారుచేసి ప్రపంచానికి పంపుతోంది.

తిరుగు ప్రయాణానికి షాన్-వాడూజ్ స్టేషనుకి వెళ్ళవచ్చు. 1872లో వేసిన ఈ లైను నడిపేది ఆస్ట్రియా రైల్వే. ఆగేది ఆస్ట్రియాలోని ఫెల్డ్‌కిర్ఖ్, స్విట్జర్లాండ్‌లోని బూక్స్‌ల మధ్య తిరిగే లోకల్ బండ్లే, అవీ తక్కువే కాబట్టి వేళలు ముందే చూసుకోవాలి. వియన్నా, జ్యూరిక్‌ల మధ్య పరుగెత్తే పెద్ద రైళ్ళు ఇక్కడ ఆగవు. వాటిలో కూర్చున్నవాళ్ళకి ఒక దేశం దాటామని కూడా తెలియదు.

యూరప్ వెళ్ళే మనవాళ్ళు స్విట్జర్లాండ్ దాకా ఎలాగూ వెళ్తున్నారు. ఆ షెంజెన్ వీసాయే దీనికీ సరిపోతుంది, ఆ ఫ్రాంకులే ఇక్కడా చెల్లుతాయి. ఒక్క రోజు దీనికి కేటాయించండి. కుదిరితే ఆగస్టు 15న వెళ్ళండి. అది వాళ్ళ జాతీయ దినం కూడా.